సుభద్ర టీచర్ హార్మోనియం మీద వేలు కిందికి జరిపిన రోజు

నిన్న పొద్దున దీపం వెలిగించి లేస్తుంటే ఫోన్ మోగింది. "అమ్మ పోయిందక్కా" అంది సుభద్ర టీచర్ కూతురు.

మళ్ళీ దేవుడి ముందే కూర్చుండిపోయాను. మొన్న శుక్రవారమే మాట్లాడాను. కాస్త దగ్గు తప్ప ఏమీ లేదన్నారు.

ఈ గ్రూపులో చాలామందికి ఆవిడ తెలియదు. భర్త ఉద్యోగంతో ఆంధ్ర నుంచి వచ్చి, డెబ్బైల్లో నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక మేడ గదిలో మా ఆడపిల్లలకు సంగీతం చెప్పేవారు.

మాది అబిడ్స్ వెనక గల్లీ. నాకప్పుడు పదేళ్లు.

క్లాసులో విమల గొంతు పెద్దది. ఎవరూ చెప్పకుండానే అందరం దాని ఎత్తులోనే పాడేవాళ్ళం. ఎలాగో 'ని' దాకా ఎక్కేదాన్ని. పై 'స' దగ్గర నా గొంతు కీచుమనేది.

ఒకరోజు అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి విన్నది.

"మా పోరికి గొంతు లేదు టీచరమ్మా. రేపటిసంది పంపియ్య. కుట్టుపనిల ఏస్త."

నాకు ఏడుపొచ్చింది. వారమంతా ఆ క్లాసు కోసమే ఎదురుచూసేదాన్ని.

"ఒక్క నిమిషం కూర్చోండి వదినగారూ" అని టీచర్ నావైపు తిరిగారు. "నీకు హాయిగా ఉన్నచోట ఒక్కసారి 'ఆ' అను తల్లీ."

అన్నాను. ఆవిడ హార్మోనియం మీద వేలు ఒక్కో మెట్టూ కిందికి జరుపుకుంటూ వచ్చి, నా గొంతు దగ్గర ఆగారు.

"ఇదీ నీ స. ఇక్కణ్ణుంచి ఎక్కు."

ఎక్కాను.

పై స అందింది.

అమ్మకు అనుమానం తీరలేదు. "గిదేంది, గంత కిందికెల్లి పాడితే పాట మారదా?"

"మారదండీ. స ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అక్కణ్ణుంచి రి ఎంత దూరం, గ ఎంత దూరం, అదే లెక్క. అది తప్పకపోతే పాట అదే."

"గట్లయితే ముందుగాలనే దించరాదుండె? పోరి గొంతు చించుకోవట్టె!"

టీచర్ నవ్వేశారు. "నాదే పొరపాటు. పెద్ద గొంతు వెంట నేనూ పోయాను."

ఆ తర్వాత క్లాసులో వారానికొకరి స. నా వారం వచ్చినప్పుడు విమల సణిగేది, "నేల మీద పాకుతున్నట్టుంది టీచర్!"

"పాకు. ఇవాళ దాని వంతు."

నేను పెద్ద గాయనినేం కాలేదు. టెన్త్‌తో చదువూ ఆగింది. కానీ గుడిలో పాడటానికి ఏనాడూ భయపడలేదు.

నిన్న టీచర్ ఇంట్లో భజన విమలే ఎత్తుకుంది. బాగా పైన. రెండో చరణానికి అందరం ఆగిపోయాం. టీచర్ తల దగ్గర కూర్చున్న వాళ్ళ అక్కగారి పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు.

నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా విమల చెయ్యి పట్టుకున్నాను.

అది కళ్ళు తుడుచుకుని, "ఇయ్యాల ఎవరి వంతే?" అంది.

"పెద్దమ్మది" అని టీచర్ అక్కగారి వైపు చూపించాను.

ఆవిడ గొంతు ఎక్కడుందో విని, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాం. చివరిదాకా అందరం పాడాం.

సెలవు టీచర్. మీకు హాయిగా ఉన్నచోటే ఆ స్వామి మిమ్మల్ని చల్లగా ఉంచాలి.