నొప్పి పోయిందని ఓళిగలు చేసుకున్నాం

ఆ శుక్రవారం పొద్దున మా చిన్నది నా కుడికాలి బొటనవేలు కొరికింది. నాకు తెలియలేదు. మంచం చివర నుంచి తలెత్తి "అమ్మా, నేను కొరికినా" అని అది నవ్వినప్పుడు లేచి చూశాను. వేలి మీద నాలుగు పళ్ళ గుర్తులున్నాయి. గోరు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరు మళ్ళీ ఎర్రబడాలి. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. ఎర్రబడలేదు.

గోరు నొక్కి చూడమని నాకెవరూ చెప్పలేదు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు ఆ మాట చెప్పేదాన్ని నేనే. రాజధాని ఇంకా కర్నూలులోనే ఉన్న ఆ రోజుల్లో, అంటే రెండేళ్ళ కిందట, నేను జమ్మలమడుగు దగ్గర బ్లాకులో గ్రామసేవికని. ఇంటర్మీడియట్ చదివి, ట్రైనింగ్ అయి, చంటిపిల్లల పెంపకం, ఫస్ట్ ఎయిడ్, పొగలేని పొయ్యి గురించి చెప్పడం నా పని. బస్సు పోని ఐదు ఊళ్ళు నావి. సైకిలు తొక్కగలిగితేనే ఆ ఉద్యోగం. నా భర్త పులివెందులలో టీచరు. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం తెల్లవారకముందే పోయేవారు. ఇంట్లో నేను, మా అత్త, ఆరేళ్ళ పెద్దవాడు, మూడేళ్ళ చిన్నది. ఇంట్లో నేను అమ్మను, కోడలిని. ఆ ఐదు ఊళ్ళలో మాత్రం నన్ను పేరు పెట్టి "సరోజమ్మా" అని పిలిచేవాళ్ళు. సైకిలు పోతే ఆ పేరు కూడా పోతుంది.

వారం కిందట పడ్డాను. వాన వెలిశాక నల్లరేగడి నేలలో బండిచక్రాల గాళ్ళు ఎండి రాయిలా గట్టిపడతాయి. నా ముందు చక్రం అలాంటి గాడిలో దిగింది. నేను ఒక పక్కకు, సైకిలు నా కాలి మీదికి. చెరుకుగడ విరిచినట్టు చప్పుడు వినిపించింది. చేను గట్టు మీద ఇద్దరు మగవాళ్ళున్నారు. లేపడానికి వస్తూనే ఒకడు రెండోవాడితో "ఆడోళ్ళు సైకిలెక్కితే ఇంతే మామా, కాళ్ళు ఒకపక్క, చక్రాలు ఒకపక్క" అన్నాడు. ఇద్దరూ నవ్వుతూనే నన్ను బండిలో ఎక్కించారు.

ఆసుపత్రికి పోదామన్నాను. "నాటుకట్టుతో పోయేదానికి ఆస్పత్రికి తీసకపోతే కాలు కోస్తారు" అంది అత్త. కబురందుకుని నా భర్త పులివెందుల దగ్గరి పల్లె నుంచి ఎముకలు కట్టే ముసలాయనను వెంటబెట్టుకొచ్చారు. ఆయన కాలు లాగి సరిచేసి, మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి గుడ్డకు పూసి చుట్టి, పైన వెదురుబద్దలు పెట్టి నులకతాడుతో బిగించాడు. పిండి ఆరేకొద్దీ ఆ కట్టు లోపలికి బిగుసుకుంటుంది.

"తొమ్మిది దినాలు ముడి ఎవురూ ముట్టగూడదు, నేనే వచ్చి ఇప్పాల" అన్నాడు. "నొప్పుంటే ఎముక అతుక్కుంటాందని లెక్క. నొప్పి పోయిందంటే అతుక్కున్నెట్లే. గమ్మున పండుకో పాపా."

నాలుగు రోజులు చీర కొంగు నోట్లో కుక్కుకుని పడుకున్నాను. పాదం పొంగి మెరుస్తోంది. ఎంత నొప్పెడితే అంత బాగా అతుక్కుంటోందని నాకు నేనే చెప్పుకున్నాను. ఐదో రోజు మధ్యాహ్నం నొప్పి ఒక్కసారిగా ఆగిపోయింది. మా అత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుని దేవుడికి టెంకాయ కొట్టింది. పప్పు, బెల్లం రుబ్బి పూర్ణం పెట్టి ఓళిగలు చేసి వీధిలో పది ఇళ్ళకు పంచింది. నేను నెయ్యి వేసుకుని మూడు తిన్నాను. చచ్చిపోతున్న కాలిని ముందు చాపుకుని, మూడు తిన్నాను.

మరునాడే చిన్నది కొరికింది.

"అత్తా, కాలికి రక్తం ఆడ్డంల్యా. కట్టు ఇప్పల్ల" అన్నాను.

"బంగారట్ల అతుక్కుంటాంటే ఇప్పుతానంటావేంది మ్మే? రేపు వాడొస్తాడు గదా, మొగుణ్ణి అడుగు" అంది. కొడవలి, కత్తిపీట తీసుకుపోయి తన గదిలో పెట్టుకుంది.

ఆసుపత్రి మా ఇంటికి అరమైలు. పెద్దవాణ్ణి పంపి ఎవరినైనా పిలిపించవచ్చు. కిటికీలోంచి కేక వేయవచ్చు. వేయలేదు. నిన్ననే ఓళిగలు పంచిన ఇంట్లోంచి కాలు పోతోందని అరవడానికి సిగ్గుపడ్డాను. మా అత్త ఒక్కతినే తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆ ఒక్క రోజు నాది.

శనివారం సాయంత్రం నా భర్త గుమ్మంలోకి వస్తూనే ఆగిపోయారు. వాసన. పక్కింటికి పోయి జట్కా పిలిపించారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. కట్టు కత్తిరించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. గుడ్డతో పాటు చర్మం లేచి వచ్చింది. నాకు నొప్పి లేదు. ఆమె ముఖం చూసి భయం వేసింది.

"బ్లడ్ సప్లై ఆగిపోయిందమ్మా. చివరి రెండు వేళ్ళు గ్యాంగ్రీన్. తీసెయ్యాలి. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మోకాలి కింద తీసేదాన్ని" అంది. తర్వాత నా భర్త వైపు తిరిగి, "ఇంట్లో ఒక్కళ్ళకీ తెలియలేదా?" అని అడిగింది.

తలుపు దగ్గర నిలబడిన మా అత్త అందుకుంది: "చదువుకున్నది ఆమె గదా డాక్టరమ్మా. పల్లెలకు పోయి ఇయ్యే చెప్పొస్తాది. ఆమెకే తెల్ల్యాకపోతే నాకెట్ల తెలుస్తాది?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడవైపు తిరిగాను.

రెండు వేళ్ళు తీసేశారు. పిక్క మీద పుళ్ళు మానడానికి రెండు నెలలు పట్టింది. రోజూ పెన్సిలిన్, రోజూ డ్రెస్సింగ్. చీము గుడ్డలన్నీ మా అత్తే ఉతికింది. ఒక్కరోజు కూడా ముక్కు మూసుకోలేదు. చూడవచ్చినవాళ్ళతో మాత్రం, "తొమ్మిది దినాలు గాకముందే ఇప్పించుకున్న్యాది, అందుకే వేళ్ళు పాయ" అని చెప్పేది. నేను పక్కనే పడుకుని వినేదాన్ని.

పుళ్ళు మానాక ఎక్స్‌రే కోసం ప్రొద్దుటూరు తీసుకుపోయారు. అక్కడి సర్జన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "అతుక్కుంది. కానీ వంకరగా అతుక్కుంది. మళ్ళీ విరవాల" అన్నాడు. ముందటిసారి గాడిలో పడి విరిగింది. ఈసారి ఏ రోజు విరుగుతుందో చెప్పి విరిచారు. ముందురోజు పెద్దవాడు, "ఈసారి నిన్ను పట్టుకోడానికి నేను రానా అమ్మా?" అని అడిగాడు. ఈథర్ మత్తులోంచి లేచేసరికి నడుము దాకా ప్లాస్టర్. మూడు నెలలు.

ప్లాస్టర్ తీసిన రోజు కాలు జొన్నదంటులా ఉంది.

"పాదం పైకెత్తమ్మా" అన్నాడు సర్జన్.

"ఎత్తుతాండా సార్."

"ఎత్తడంల్యా. చూసుకో."

చూసుకున్నాను. పాదం వేలాడుతూనే ఉంది. "ఫుట్ డ్రాప్. నెర్వ్ పోయింది. అరికాలికి స్పర్శ కూడా రాదు. కట్టు బిగువులో ఎప్పుడో చచ్చింది" అన్నాడు. "నడుస్తావు. కొంచెం కుంటుతావు."

"సైకిలు?"

"నువ్వు ఇద్దరు బిడ్డల తల్లివి గదమ్మా" అన్నాడు. అది జవాబని ఆయన అనుకున్నాడు.

బ్లాకాఫీసరు దగ్గరికి కర్రతోనే పోయాను. మనిషి చెడ్డవాడు కాదు. "ఇన్ని నెలలు మీ పోస్టు ఖాళీగా పెట్టినా. నెలాఖరుకు సైకిలు మీద మీ ఊళ్ళలో ఒకదానికి పోయి, పంచాయతీ ప్రెసిడెంటు సంతకం తీసుకుని రాండి. లేదంటే ఇంకొకరిని వేసుకోమని నేనే రాయల్ల" అన్నాడు.

సైకిలు షాపు మస్తాన్ సాయిబు నా కాలు చూసి గడ్డం గీరుకున్నాడు. "పాదం పెడలు మీద నిలవదు తల్లీ. తోలుపట్టీ కొట్టిస్తా, బిగించుకో. ఒక్కటే తిరకాసు. పడితే సైకిలు నిన్ను ఇడిసిపెట్టదు" అన్నాడు. అన్నట్టే అయింది. బడి మైదానంలో పొద్దున్నే నేర్చుకునేదాన్ని. పడ్డ ప్రతిసారీ కుడిపక్కకే, సైకిలుతో సహా. బడి పిల్లలు గోడ మీద కూర్చుని "కుంటి సైకిలమ్మ పడె, పడె" అని ఎంచేవాళ్ళు. వాళ్ళలో మా పెద్దవాడి స్నేహితులున్నారు. ఒకరోజు మా వాడూ గోడ మీదే ఉన్నాడు. నోరు మాత్రం కదపలేదు.

ఇరవయ్యో రోజున పడకుండా మైదానం చుట్టొచ్చాను. మా అత్త చూసి, "ఎక్కేది వచ్చెలే. ఆ పట్టీ ఇప్పుకుని దిగేది కూడా నేర్సుకో" అంది. ఆమె నోటి నుంచి వచ్చిన మంచిమాట అదొక్కటే.

నెలాఖరున నాలుగు మైళ్ళు తొక్కి ఊరు చేరాను. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మూగారు. "వచ్చినావా సరోజమ్మా!" అని ఒకామె చెయ్యి పట్టుకుంది. ఇంకొకామె కిందికి చూసి నవ్వింది: "ఏందిమ్మా, ఒక కాలికే పారాణి పెట్టుకోనొచ్చినావు? పెండ్లా?" కుంటికాలికి ఎగతాళి అనుకున్నాను. నేనూ నవ్వి, సంతకం తీసుకుని తిరిగి నాలుగు మైళ్ళు తొక్కాను. ఆఫీసరు కాగితం చూసి తల ఊపాడు. ఉద్యోగం నిలిచింది. ఇంటికి వచ్చి గడప దాటానో లేదో పెద్దవాడు కెవ్వుమన్నాడు.

చెప్పు నిండా రక్తం. తోలుపట్టీ ఎనిమిది మైళ్ళూ ఒరుసుకుని, చీలమండ పక్క చర్మాన్ని ఎముక కనబడేదాకా ఒలిచేసింది. నా వెనక మా నాపరాళ్ళ అరుగు మీద ఎర్రటి అడుగులున్నాయి, అన్నీ ఒక్క కాలివే. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో కుట్లు వేస్తూ డాక్టరమ్మ మత్తు ఇంజెక్షన్ ఇవ్వలేదు. అవసరం లేదంది.

ఇప్పుడు పట్టీ కింద మెత్త కుట్టించుకున్నాను. ఐదు ఊళ్ళూ తిరుగుతున్నాను. ఒక కాలు అంగుళం పొట్టి. దిగాలంటే గోడో చెట్టో ఉండాలి, లేకపోతే పడతాను. పిల్లలు నిద్రపోయాక కూర్చుని ఇది రాయడం ఒక్క మాట కోసం. కాలికి గానీ చేతికి గానీ ఎవరు కట్టు కట్టినా, నాటువైద్యుడైనా డాక్టరైనా, పూటపూటకూ గోరు నొక్కి చూడండి. వేళ్ళు కదిలించి చూడండి. గోరు ఎర్రబడకపోయినా, వేళ్ళు కదలకపోయినా ఎవరినీ అడగకుండా కట్టు కోసేయండి. నొప్పి పోయిందని సంతోషపడే ముందు, కాలు ఉందో లేదో చూసుకోండి.

కుట్లు వేయించుకున్న మరునాడు పొద్దున పిల్లలిద్దరినీ గడప మీద కూర్చోబెట్టుకున్నాను.

"ఇంగ నుంచి నేను సాయంత్రం ఇంట్లేకి రాకముందే నా కాలు మీరు చూడల్ల. పెద్దోడా, నువ్వు మడమ, అరికాలు. పాపా, నువ్వు వేళ్ళ సందులు. యాడన్నా ఎర్రగా ఉంటే నాకు చెప్పల్ల."

"నాకు మూడు వేళ్ళేనా?" అని చిన్నది మూతి ముడిచింది.

పెద్దవాడు నా కాలివైపు చూడకుండా అడిగాడు: "నొస్తే నువ్వే చెప్తావు గదమ్మా?"

"నాకు నొయ్యదు నాయనా" అన్నాను. "ఆ కాలికి నొప్పి ఇంగ మీరే."