‘పో’ అనని మా అత్త

మా మేనత్త జ్వరంతో పోయిందని కడప నుంచి కబురు వచ్చేసరికి నేను బద్వేలులో మా ఇంట్లో మద్రాసు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్నాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు. అమ్మ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసింది. “ఆయమ్మ దగ్గరుండి సదివించినాది నిన్ను. కంట్లో నీళ్లన్నా రాలేదే! కాలేజీ సదువు ఇంతేనేమో” అంది. మద్రాసు ఉద్యోగం ఎక్కడ చేజారుతుందోనని నా బెంగ అంతా అనుకున్నాడు నాయన. నేను మాట్లాడకపోతే పొగరు, గబగబా నడిస్తే తొందర. మా ఇంట్లో నా గురించి ఇంతకు మించి ఎవరూ ఆలోచించరు. ఆ క్షణాన నా మనసంతా కడప స్టేషను పక్కనున్న పాత పత్తి గోడౌనులో ఉంది. అక్కడి పిల్లలకు ఈ మాట ఎవరు చెబుతారా అని ఆలోచిస్తున్నాను.

అత్త చర్చి బడిలో టీచరు. రంగూన్ మీద బాంబులు పడ్డ తరువాతి వేసవిలో, విశాఖపట్నం వైపు నుంచి అక్కడికి కూలికి వెళ్లిన కుటుంబాలు అడవులు దాటి నడిచి వచ్చాయి. ఎలాగో మద్రాసు చేరితే, అక్కడా జనం భయంతో ఊరు ఖాళీ చేస్తున్నారు. అలా దారిలో పెద్దవాళ్లను పోగొట్టుకున్న కొందరు పిల్లలను రైలెక్కించి మా కడపకు పంపారు. చర్చివాళ్లు తమ గోడౌనులో చోటిచ్చారు. మా ఊరివాళ్లు రంగూన్‌ను రంగం అంటారు కాబట్టి ఆ పిల్లలు ‘రంగమోళ్లు’ అయ్యారు.

వాళ్లు బడికి వచ్చిన మొదటిరోజు, అత్త దగ్గరుండి చదువుకుంటున్న నేనూ అక్కడే ఉన్నాను. ఎండలో నిలబడ్డ పిల్లలను చూసి హెడ్మాస్టరు గారు ఎంతో దయగా చెయ్యి ఊపారు. “ఏందమ్మా, ఎండలో నిలబడినారే! పోండి, పోండి లోపలికి.” పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూటలు ఎత్తుకున్నారు. చప్పుడు లేకుండా వెనక్కి తిరిగి రోడ్డు పట్టారు.

మాకు మొదట నవ్వొచ్చింది. అత్త మాత్రం చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తింది. వాళ్లలో పెద్దది, అప్పలనర్సి అనే పిల్ల, తల వంచుకుని చెప్పింది: “ఆ బాబుగోరు పొమ్మన్నారు గదండి. ఎల్లిపోతన్నాం. ఏటి తప్పు సేసినామో తెల్దు.”

మా సీమలో ‘పో’ అన్నది మామూలు మాట. గుడికి పో, అన్నానికి పో, అందరం అనుకునేదే. వాళ్ల వైపు ‘వెళ్లు’ అంటారు. ‘పో’ అంటే గెంటివేయడమే. రంగం నుంచి కడప దాకా ఆ పిల్లలు ప్రతి గుమ్మం దగ్గరా విన్న మాట అదే.

అత్త ఏమీ వివరించలేదు. వాళ్లను దాటుకుని తానే లోపలికి నడిచి, ఇటు తిరిగి, “రాండి” అంది. వచ్చారు.

ఆ రోజు నుంచి అత్త ఏ పిల్లనూ ‘పో’ అనగా నేను వినలేదు. బోర్డు దగ్గరికి పిలవాలంటే ముందు తాను వెళ్లి నిలబడేది. సాయంత్రం బడి వదిలాక “ఇంటికి రాండి” అంటూ గోడౌను దాకా ముందు నడిచేది. నాకు విసుగేసింది. “మాటకు అర్థం చెబితే సరిపోదా అత్తా?” అన్నాను.

“చెప్పినా పాపా. తలకెక్కినాది. కాళ్లకే ఎక్కలా. ఆ మాట ఇంటే సాలు, కాళ్లు దావ పడతాండాయి.”

ఇంత చదివిన నాకు ఆ కాళ్లు కనిపించలేదు. ఆమెకు కనిపించాయి.

రంగమోళ్ల పక్కన మా పిల్లలు కూర్చోరని ఊళ్లో కొందరు పట్టుబట్టారు. అత్త వాదించలేదు. రంగంలో ఏం ఆడుకునేవాళ్లని అప్పలనర్సిని అడిగింది. బుట్టలల్లే సాయిబు దగ్గర కూర్చుని, ఆ పిల్ల చెప్పినట్టే పేము బంతి అల్లించింది. పిల్లలు గుండ్రంగా నిలబడి పాదాలతో, మోకాళ్లతో బంతిని కింద పడకుండా ఎగరేస్తుంటే ఊరి పిల్లలు గోడెక్కి చూశారు. రెండోరోజుకు గోడ దిగారు.

“ఎవురు గెల్చినారు టీచరమ్మా?”

“బంతి గెల్చినాదిరా. కింద పడలా సూడు.”

తానూ కొంగు దోపి ఒక్క తన్ను తన్నింది. బంతి కదల్లేదు, చెప్పు ఎగిరి చూరు మీద పడింది. “టీచరమ్మ సెప్పు గెల్చినాది!” అని రెండు ఊళ్ల పిల్లలూ ఒక్కటై అరిచారు. ఆ తరువాత ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఎవరూ పట్టించుకోలేదు.

కడపలో అత్త సమాధి దగ్గర మట్టి వేసి వస్తుంటే నాయన చల్లగా చెప్పాడు. “గోడౌను చెనిక్కాయల షావుకారికి బాడుగకిస్తారంట. ఆయమ్మే లేకపాయె, ఆ పిల్లోల్లను ఎవురు సూస్తారు?”

“మరి వాళ్లు యాడికి?”

“యాడికో పంపిస్తారులే. నీ రైలు సంగతి సూసుకో.”

నేను తిన్నగా గోడౌనుకు వెళ్లాను. షావుకారి వేరుశనగ బస్తాలు అప్పుడే వచ్చి వాకిలికి సగం అడ్డంగా పడి ఉన్నాయి. పిల్లలు వాటి మీదే వరసగా కూర్చుని ఎక్కాలు వల్లిస్తున్నారు. చెప్పమన్నవాళ్లు ఎవరూ లేరు. నన్ను చూసి అప్పలనర్సి లేచింది. దాని నోట మా సీమ మాట వచ్చింది.

“అక్కా, మేము ఈడనే ఉండాల్నా?”

“ఈడనే” అన్నాను.

నేను మద్రాసు వెళ్లడం లేదు. బస్తాలు రేపు తీయిస్తాను. సోమవారం నుంచి బడి నేనే నడుపుతాను.