ఉమాశంకర్ మాస్టారి ఖాళీ గడి

ఉమాశంకర్ మాస్టారు కంటితో చూడందే దేన్నీ ఉందనడు, లేదనీ అనడు. మనిషికున్న రోగం అదొక్కటే. ఆ రోగంతోనే ఓసారి నా కళ్ళముందు పెద్ద తగువు గెలిచినాడు.

ఈ పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్ళో, ప్రేమ్ బజార్లో ఉన్న నా మెస్సుకి హిజ్లీ కాలేజీ తెలుగువాళ్ళు మధ్యాహ్నం భోజనానికొస్తారు. ఆరోజు జాకబ్ మాస్టారు ఆలస్యంగా, ఈయనొచ్చే వేళకి వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ లెక్కల మాస్టార్లే.

"ఏదైనా సరే, ఉంటుంది, లేదా ఉండదు. మూడోది లేదు. లెక్కల్లో సగం మేడలు ఈ మాట మీదే లేచాయి," అన్నాడు జాకబ్. "ఈ ఇంట్లో ఆవకాయ లేకపోవడం అసంభవం. కాబట్టి ఉంది."

"ఎక్కడుంది?"

"ఎక్కడుంటే ఏం? లేదనడానికి వీల్లేదని తేలిపోయాక ఉన్నట్టే!"

"అయితే ఆ 'ఉన్నట్టే'ని అన్నంలో కలుపుకోండి."

జాకబ్ నావేపు చూసినాడు. నేను కదల్లేదు. జాడీ అటకమీదుంది, కానీ నా ఓటు అప్పటికే ఉమాశంకర్ మాస్టారికి పడిపోయినాది. నేను చదివింది రెండో తరగతే. అయినా ఇంట్లో ఉల్లిపాయ ఉండి తీరాలనుకున్నంతమాత్రాన అది కూరలో పడదని నాకు తెల్దా? పాపం, జాకబ్ మాస్టారు ఉత్త మజ్జిగన్నం తిని లేచినాడు.

అంత గెలిచినా, నా దగ్గర ఉమాశంకర్ మాస్టారికి రోజూ చీవాట్లే. గుమ్మం పక్కన పలక వేలాడదీసినాను. పొద్దున్న టీకొచ్చినప్పుడే, తినేవాళ్ళు పేరు పక్క గడిలో టిక్కు పెట్టాలి, తిననివాళ్ళు అడ్డగీత. బియ్యం కొలుచుకోవాలి కదా! నాలుగేళ్ళలో ఈయన గడి ఒక్కరోజు నిండలేదు.

"తింటావా బావూ, తినవా?"

"ఇంకా తేలలేదండి పిన్నిగారూ."

"నీ కడుపు సంగతి తేలడానికి ఢిల్లీ నుంచి కాగితం రావాలేటి?"

"రెండింటికి తేలుతుందండి."

అందరూ తినేసినాక, రెండింటికి, సైకిలు గంట కొట్టుకుంటూ దిగేవాడు. "మిగిలిందేమైనా ఉందా అండీ?"

ఉండేది. ఎందుకుండేదో చెప్పాలి.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరైన ఏడాది ఓ మధ్యాహ్నం, నేను అన్నం వారుస్తుంటే, "నిమ్మకాయలు తెస్తాను, వడ్డించు" అని సైకిలెక్కినాడు. పదకొండేళ్ళయినాది. ఆయనకని రోజూ అరసోలెడు బియ్యం ఎక్కువ పోస్తాను. రెండింటిదాకా ఆ గిన్నె మూత తియ్యను. సైకిలు గంట వినబడితే ఇప్పటికీ నా చెయ్యి ముందు ఆ మూత మీదకే పోతాది. తీరా చూస్తే గుమ్మంలో ఈ మాస్టారు! తిట్టుకుంటూ పెట్టేదాన్ని.

మొన్న ఈయన తింటుండగానే సుభాష్‌పల్లి నుంచి మా ఆడపడుచు సత్యవాణి వచ్చినాది.

"ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు. ఉన్నోడైతే ఈపాటికి రాడా వదినా? ఆ గాజులు తీసీ. అన్నయ్యకి చెయ్యాల్సిన కార్యమేదో చేయించీద్దాం. రోజూ అన్నం వండి పారబొయ్యడమేటి?"

మాస్టారు ముద్ద ఆపినాడు. "రాకపోతే రాలేదనే అనాలండి. లేడని ఎవరు చూశారు?"

"నీకేటి తెల్సు బావూ?"

"తెలీదనే చెప్తున్నానండి. మీకూ తెలీదు. ఇక అన్నమంటారా, నాలుగేళ్ళుగా ఒక్క మెతుకు పారబొయ్యలేదు. నేనే తింటున్నాను. ఆయనొస్తే నాకు అన్నం లేదు, రాకపోతే ఉంది. అది తేలకుండా టిక్కెలా పెట్టను?"

సత్యవాణి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయినాది.

తరవాత నేను నిలదీస్తే మాస్టారు చెప్పినాడు. మెస్సుకొచ్చిన మొదటిరోజు, నేను ఆ గిన్నె కాలవలో వొంపేసి, ఖాళీ గిన్నె పట్టుకుని రోడ్డు చివరదాకా చూస్తూ నిలబడిపోయినానట. అది ఎవరికోసమో పక్కవాళ్ళు చెప్పినారట. మర్నాటినుంచీ ఈయనకి ఏదీ తేలడం మానేసినాది.

వచ్చే సోమవారం మాస్టారు వేరే ఊరి కాలేజీకి వెళ్ళిపోతున్నాడు. నిన్న తినేసి, చెయ్యి కడుక్కుని, పలక ముందు నిలబడినాడు.

"ఆ అరసోలెడు మానకండి పిన్నిగారూ. రెండు దాటితే మీరే తినెయ్యండి."

"తినేసినాక ఆయనొస్తే?"

"మళ్ళీ వండుతారు. పలక మీద నా పేరు మాత్రం తుడవకండి. ఆయనొచ్చిన రోజున నా గడిలో ఇంత పెద్ద అడ్డగీత పెట్టి, ఫోటో తీసి పంపండి."