పుంగనూరు దారిలో గాలం చీటీ

కుప్పంలో మా గ్రానైటు ఆఫీసు రొద వారమంతా చెవుల్లో మోగుతూనే ఉంటుంది. అందుకే రెండు నెలలకోసారైనా పుంగనూరు, మదనపల్లె మధ్యనున్న ఒక చెరువులో గాలం వేసుకుని కూర్చోకపోతే నాకు తోచదు. ఈసారి మాత్రం బయల్దేరే ముందు నుంచే గుబులు. చెరువును వేలంలో పాడుకున్న కొత్త కాంట్రాక్టరు, ఒక్కో గాలానికి తీసుకోవలసిన చీటీని ఇరవై రూపాయల నుంచి వందకు పెంచాడని విన్నాను. గుబులు నా వంద గురించి కాదు. కట్ట కింద సుగుణమ్మ అనే ఆవిడ రేకుల కొట్టు నడుపుతుంది. మనం పట్టిన చేపనిస్తే పులుసు పెట్టి, రాగి సంగటితో వడ్డిస్తుంది. గాలాలవాళ్ళు రాకపోతే ఆమెకు గిరాకీ లేదు. ఆ చీటీలు ఇచ్చే కాపలా మనిషి రెడ్డెప్ప స్వయానా ఆమె మొగుడు.

ఆదివారం మొదటి బస్సెక్కితే వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు చేరడానికి మూడు గంటలు పట్టింది. అక్కడ మదనపల్లె బస్సు మారి, కండక్టరుకు ముందే చెప్పుకుని చెరువు మలుపులో దిగాను. ఇదివరకు ఆదివారమైతే బెంగళూరు కార్లు వరసగా నిలిచి ఉండేవి. ఆ రోజు కట్ట బోసిగా ఉంది. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే రెడ్డెప్ప వంద తీసుకుని, నా మొహం చూడకుండా చీటీ ఇచ్చాడు. సుగుణమ్మే టీ ఇస్తూ సంగతి చెప్పింది.

"వంద పెట్టినోళ్ళు చేపను నాకు యాల ఇస్తారప్పా? బెత్తెడు పిల్లనైనా సంచిలో ఏసుకోని పోతాండారు. పోయిన ఆదివారం పొయ్యే ముట్టించలే."

ఎండ ఎక్కుతుండగా కారొకటి వచ్చింది. నలుగురు దిగారు, నాలుగు గాలాలు. రేటు వినగానే మొహమొహాలు చూసుకుని మళ్ళీ కారెక్కబోయారు. కొట్టు గుమ్మంలో సుగుణమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెడ్డెప్ప ఆమెవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రెండిటికి చీటీ తీసుకోండి, నాలుగూ ఏసుకోండి. మధ్యాన్నం భోజనం మాత్రం ఈడే చెయ్యాల."

వాళ్ళు ఒప్పుకున్నారు. కొట్టులోంచి పొగ లేచింది. నాకు మాత్రం ఆ తర్వాత గాలం మీద ధ్యాస నిలవలేదు. పట్టుబడితే ఈ మనిషి ఉద్యోగం ఊడుతుంది. రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు, నా చూపు అటే పోయేది.

భయపడ్డట్టే అయింది. కట్ట చివర కూర్చున్న నాకే ముందు కనిపించింది, కాంట్రాక్టరు మోటారు సైకిలు. చేయెత్తి సుగుణమ్మకు సైగ చేశాను. ఆమె క్షణం ఆలస్యం చేయలేదు. "అప్పా, సంగటి సల్లారిపోతాది, గాలాలు తీసి రాండి" అని కేకేసింది. నలుగురూ వచ్చి ఆకుల ముందు కూర్చున్నారు. నేనూ వెళ్ళి పక్కన చేరాను.

కాంట్రాక్టరు నా చీటీ చూసి, రెడ్డెప్ప వైపు తిరిగాడు. "ఈళ్ళకెన్ని ఇచ్చినావు?"

"రెండు."

"మనుషులు నలుగురుండారే?"

సుగుణమ్మ అందుకుంది. "ఇద్దరు తినేదానికొచ్చినారప్పా."

అతను గోడకు ఆనించిన నాలుగు గాలాలూ చూశాడు. పొయ్యి దగ్గరకెళ్ళి మూత తీశాడు. ఎసరు ఇంకా కాగనేలేదు; తినే వేళ కాలేదని అతనికి తెలిసిపోయింది. మూత మెల్లగా పెట్టేశాడు.

"ఇంకోసారి నేను లెక్కపెట్టను రెడ్డెప్పా. మనిషినే మారుస్తా" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు తిన్న పులుసు రుచి నాకు గుర్తులేదు. అందరూ తిన్నాక సుగుణమ్మ పొయ్యిలో నీళ్ళు చల్లి మొగుడితో అంది. "ఇంగ నేను పొయ్యి ముట్టించను. నా కొట్టు ఎదురుగా ఉన్నంత కాలం నువ్వు చీటీలు లెక్కగా ఇయ్యలేవు, ఈ పనీ నిలవదు." రెడ్డెప్ప తువ్వాలు భుజాన వేసుకుని కట్ట మీదికి వెళ్ళిపోయాడు.

కాంట్రాక్టరును పూర్తిగా తప్పుపట్టలేను. చేపపిల్లల్ని కొని వదిలింది అతనే. కానీ చీటీ ధర పెంచేటప్పుడు కట్ట కింద కొట్టు అతని లెక్కలోకి రాలేదు. మొన్న మళ్ళీ వెళ్ళాను. రెడ్డెప్ప ఉద్యోగం పోలేదు, చీటీ లేకుండా ఒక్క గాలాన్నీ వదలడం లేదు. సుగుణమ్మ మదనపల్లె టమాటా మండీకి కూలికి పోతోంది. మీరు వెళ్ళాలనుకుంటే ఒక్కటే చెబుతాను. గాలానికొక చీటీ తీసుకోండి, తగ్గించమని రెడ్డెప్పను అడగకండి. భోజనం ఇంటి నుంచే కట్టుకెళ్ళండి.