స్పానిష్ ఎవరికొచ్చు?

ఎవరు పడ్డ కష్టం వాళ్లదేనని లోకం చెబుతుంది. ఇల్లాలి కష్టం మాత్రం ఇంటిల్లిపాదిదీ. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని వాడుకోవచ్చు, అడగాల్సిన పని కూడా లేదు. కరీంనగర్ మంకమ్మతోటలో ఉండే మనోరమకు ఈ సంగతి యాభై నాలుగేళ్ల వయసులో, స్పానిష్ నేర్చుకున్నాక పూర్తిగా బోధపడింది.

ఆమెకు స్పానిష్ మీద మనసు పోయింది మక్కరొట్టె వల్ల. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తుంటే, ఎక్కడో మెక్సికోలో ఒక ముసలావిడ మక్కపిండి ముద్దను అరచేతుల మధ్య తపతపా తట్టి రొట్టె చేస్తోంది. అచ్చం మనోరమ తల్లి చేసినట్టే. చేస్తూ చేస్తూ ఎవరినో తెగ తిడుతోంది, మధ్యలో తనే నవ్వుకుంటోంది. ఆ తిట్లు ఎవరికో తెలుసుకోవాలనిపించింది. వెతికితే పైసా ఖర్చు లేకుండా స్పానిష్ నేర్పే వీడియోలు బోలెడు దొరికాయి. వాటిలో రోసియో అనే టీచరమ్మ నచ్చింది. ఆవిడ నెమ్మదిగా పలుకుతుంది, తప్పయినా పర్వాలేదు, మళ్లీ అనండి అంటుంది. మనోరమతో ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట అది.

ఫోన్‌ను చింతపండు డబ్బాకు ఆనించి, బియ్యం కడుగుతూ, కూర తరుగుతూ పాఠాలు వల్లె వేసేది. ఆమె భర్త దయాకర్‌రావుకు ఎరువుల దుకాణం, ఊళ్లో పొలం, నలుగురిలో పెద్దమనిషన్న పేరు ఉన్నాయి. భార్య గొంతు వినబడితే చాలు, వార్తలు చూస్తున్న ఆయనకు చిరాకు పుట్టేది.

"గీ వయసుల గా భాషతోని ఏం ఫాయిదా? స్పెయిన్‌ల మనకేమన్న పొలమున్నదా?" అనేవాడు.

ఇంటికి ఎవరొచ్చినా ఈ మాట చెప్పి నవ్వించేవాడు. మనోరమ ఫోన్ గొంతు తగ్గించుకుని మళ్లీ మొదలు పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఆ ముసలావిడ తిట్టేది అల్లుడినని అర్థమైంది. ఆ రోజు ఆమె ఎంత సంతోషపడిందో చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేడు.

ఇంతలో పెద్దపల్లి నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది.

"వదినా, మన శ్రేయకు స్పానిష్ వస్తదట గదా. అన్న పిల్లగానోళ్లకు చెప్పిండట. వాళ్లు మస్తు ఖుషీగున్నరు."

శ్రేయ మనోరమ కూతురు. బ్యాంకులో పని చేస్తుంది. దానికి స్పానిష్‌లో నమస్కారం పెట్టడం కూడా రాదు. జరిగిందేమిటంటే, పెద్దపల్లిలో చూసిన సంబంధం వాళ్లు, మా అబ్బాయి విద్యాధర్‌కు కంపెనీలో స్పెయిన్ వాళ్లతోనే పని, ఆ భాష కూడా నేర్చుకున్నాడు అని గొప్ప చెప్పుకున్నారు. దయాకర్‌రావు ఒకరి గొప్ప విని ఊరుకునే మనిషి కాదు. మా పిల్లకూ వచ్చునని అనేశాడు.

మనోరమ నిలదీసింది. "రానిది వస్తదని ఎట్ల చెప్పిన్రు?"

"నీకు వస్తది గదా, ఇంట్ల ఉన్న విద్యనే. ఆదివారం లోపల పిల్లకు పది మాటలు నేర్పు. నీకెట్లాగు అక్కరకు రానిది, దానికన్న వస్తది."

మనోరమకు ఒళ్లు మండిపోయింది. ఏడాది పొడుగునా వెక్కిరించిన నోరే ఇప్పుడు వాటా అడుగుతోంది. వాటా కూడా కాదు, మొత్తం కావాలి. అది కూడా అబద్ధం ఆడటానికి. నేర్పనని తెగేసి చెప్పింది. కానీ రాత్రి శ్రేయ వంటింట్లోకి వచ్చి, "వాళ్లు అడిగితే నేనేం జెయ్యాలె అమ్మా? బాపు నా మాట ఇంటలేడు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కన్న కడుపు కదా. పళ్లు బిగపట్టి పది మాటలు నేర్పింది.

ఆదివారం తెల్లవారకముందే లేచి గారెలు, గరిజెలు, పులిహోర చేసింది. పదకొండింటికి పెద్దపల్లి వాళ్లు వచ్చారు. విద్యాధర్ తండ్రి రాంచందర్‌రావు పొలాల లెక్కలు మాట్లాడి ముగించాక, "మాట్లాడుకోండ్రి మరి, మేం గూడ ఇంటం" అని నవ్వాడు. విద్యాధర్ మొహమాటపడుతూనే శ్రేయను స్పానిష్‌లో అడిగాడు, ఈ రోజు ఏం తిన్నారని.

అది నేర్చుకున్న పదిలో లేదు. శ్రేయ తల దించుకుంది.

గుమ్మంలో ఛాయ్ పళ్లెంతో మనోరమ నిలబడి ఉంది. ఏడాదిగా ఫోన్‌తో మాట్లాడటమే తప్ప, ఆ భాషలో ఒక మనిషి ఒక మాట అడగగా వినడం ఆమెకు అదే మొదలు. ఆ ప్రశ్న తనను అడిగింది కాదు. అయినా జవాబు నోటి నుంచి వచ్చేసింది. స్పానిష్‌లోనే అంది: "నేనింకా ఏమీ తినలేదు. తెల్లారక ముందు నుంచీ వంటింట్లోనే ఉన్నాను."

విద్యాధర్ లేచి నిలబడ్డాడు.

"ఏమన్నరురా?" అని తండ్రి అడిగాడు.

"పొద్దటి నుంచి ఏం తినలేదట బాపూ. ఎంత సాఫ్‌గ మాట్లాడుతున్నరు."

అందరూ దయాకర్‌రావు వైపు చూశారు. ఆ మనిషికి భార్య తినలేదన్న మాట చెవికెక్కలేదు. పెద్దగా నవ్వి, "మా శ్రేయనే నేర్పింది వాళ్లమ్మకు" అన్నాడు.

ఓర్పుకు కూడా ఒక హద్దుంటుంది. మనోరమ పళ్లెం తీసుకెళ్లి భర్త ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

"శ్రేయకు స్పానిష్ రాదు. నేర్చుకున్నది నేను. పిల్లకు బ్యాంకు పని మంచిగ వస్తది, అడిగేదుంటే గదే అడుగుండ్రి. ఛాయ్ మీరియ్యుండ్రి అందరికి."

ఖాళీ కుర్చీ లాక్కుని విద్యాధర్ ఎదురుగా కూర్చుంది. ప్లేట్లో రెండు గారెలు వేసుకుని, "ఇప్పుడు అడుగు బాబూ" అంది. వాళ్లు కాసేపు మాట్లాడుకున్నారు. ఆమె తప్పులు చేసింది, సర్దుకుంది, మళ్లీ అంది. శ్రేయ తల ఎత్తి తల్లినే చూస్తోంది. దయాకర్‌రావు లేచి ఒక్కొక్కరికీ కప్పులు అందించాడు.

ఫోన్ చేస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. కారు మలుపు తిరగ్గానే దయాకర్‌రావు విరుచుకుపడ్డాడు.

"నలుగుట్ల నా ఇజ్జత్ దీసినవ్. నీ నోటితోని బంగారమసొంటి సంబంధం పోయింది."

మనోరమ ప్లేటు కింద పెట్టలేదు.

"నా విద్య చూపెట్టి పిల్లనిద్దామనుకున్నరు. రేపు అత్తగారింటికి గూడ నన్నే తోలేటోళ్లా?"