గోదావరిలో కలిసిన ఇంటికి సర్వే

మొన్న మా కాలేజీలో ఓ విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు కాపీ అని కంప్యూటరు తేల్చేసరికి, విచారణ కమిటీలో కూర్చున్న నేను సంతకానికి కలం తీసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఆ వయసులో నేనూ దొంగనే, మీలోనూ కొందరు అయివుంటారు, ఇప్పుడు బుద్ధిమంతుల్లా కూర్చున్నాం గానీ.

తొంభైల్లో కొత్తపేటలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు, మా ఎకనామిక్స్ మాస్టారు కపిలేశ్వరపురం దగ్గరి గోదావరి లంకలో పద్దెనిమిది ఇళ్లు తిరిగి, ఎవరికి ఎంత భూమి, ఎన్ని చెట్లు, ఎన్ని పశువులు ఉన్నాయో రాసుకు రమ్మన్నారు. పడవెక్కి ఎండలో తిరగడానికి బద్ధకించి, మూడేళ్ల క్రితం అదే సర్వే చేసిన మా పెదనాన్నగారమ్మాయి రిపోర్టును పొల్లుపోకుండా దించేసి, నా దస్తూరీకి నేనే మురిసిపోతూ అందరికంటే ముందు ఇచ్చేశాను.

మాస్టారు అందర్నీ పంపేసి, నన్నొక్కదాన్నే ఉండమని, ఓ పేజీ మీద వేలుపెట్టి, గొంతు పెంచకుండానే అడిగారు.

"ఈ ఇంటికి ఎలా వెళ్లేవమ్మా? ఆ వరసంతా నిరుడు వరదకి గోదాట్లో కలిసిపోయింది కదా."

ఇల్లే లేనిచోట నేను రెండు గేదెల్ని కట్టేసి, తొమ్మిది కొబ్బరిచెట్లకు కాయలు కాయించాను మరి. ప్రిన్సిపాలుగారిదాకా వెళ్తే పరీక్షకు కూర్చోనివ్వరు, ఇంట్లో తెలిస్తే నాన్నగారు చదువే మాన్పించేస్తారు. ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఆ పద్దెనిమిది ఇళ్లవాళ్లూ ఇప్పుడెక్కడున్నా వెతికి, నేను రాసింది వాళ్లెదుటే చదివి దిద్దుకు రమ్మన్నారు. ఎంత బాగా చేసినా సగం మార్కులేననీ, విషయం మాత్రం ఆ గది దాటదనీ చెప్పారు. నాలాగే దొరికిన ఓ మోతుబరి రైతుగారబ్బాయికీ అదే శిక్ష, సిఫార్సులు వచ్చినా వెంట్రుకవాసి తగ్గలేదు.

నాలుగు ఆదివారాలు తిరిగాను. ఆ తొమ్మిది చెట్ల ముసలావిడ ఏటిగట్టు మీద పాకలో ఉంటోంది. రానే రాకుండా వచ్చినట్టు రాశానని సిగ్గుతో చచ్చిపోతూ ఒప్పుకుని చదివి వినిపిస్తే, కోప్పడుతుందనుకున్న మనిషి చెట్ల లెక్క దగ్గర ఆపి, ఆ ముక్క మళ్లీ చదవమంది.

"ఆయ్, తొమ్మిదేనండి. ఇప్పుడు ఒక్కటీ లేదని రాసుకోండమ్మా."

సున్నా వేయడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పటిదాకా నాకవి అంకెలే.

ఆ సగం మార్కులతో ఫస్టుక్లాసు తప్పిపోయింది. అందుకు మాస్టారి మీద నాకు ఏనాడూ కోపం రాలేదు సరికదా, ఇవాళ నేను పాఠం చెప్పి బతుకుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఆడపిల్లను ఒంటరిగా ఏరు దాటించాననే బెంగతో కాబోలు, ఆ నాలుగు ఆదివారాలూ నా పడవ తిరిగొచ్చేదాకా రేవులో గొడుగు వేసుక్కూర్చుని, నేను దిగగానే ఒక్క మాటైనా అడగకుండా సైకిలెక్కి వెళ్లిపోయేవారు. ఇప్పుడు అన్నిటికీ నిబంధనలున్నాయి, ఎవరికీ అన్యాయం జరగదు, మంచిదే. తప్పుచేసిన పిల్లల కోసం ఒక ఆదివారం పోగొట్టుకునే తీరిక మాత్రం మా కాలేజీ మాస్టార్లలో ఎవరికీ లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకూ లేదు.