ముగ్గురి జీతం, ఒక్కరి పేరు

ఆమెను వీధిలో అందరూ టైపక్క అంటారు. పరదేశపు డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపే రికార్డింగులు విని, పొల్లు పోకుండా టైపు చేసి పంపడం ఆమె పని. పెళ్ళి చేసుకోలేదు. అన్న ఇంట్లో, వంటగది పక్క గదిలో, పాత కుట్టుమిషను బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఒకే గోడను చూస్తూ పనిచేసింది.

నలభయ్యో పడిలో ఆమెకో కోరిక పుట్టింది. సముద్రమున్న ఓ దేశంలో ఒక ఏడాది బతకాలని. ఎక్కడి ఉద్యోగమైనా సరే, తమ దగ్గర కూర్చుని చేసుకునేవాళ్ళకి ఆ దేశం వీసా ఇస్తోంది. తాము చెప్పిన మొత్తానికి తగ్గకుండా నెలనెలా ఆదాయం వస్తున్నట్టు ఆర్నెల్ల బ్యాంకు లెక్క చూపించాలి, అంతే.

"అంత దూరం ఎందుకూ?" అన్నాడు అన్న. మగవాడు ఊరు మారతానంటే పైకొస్తున్నాడంటారు, ఆడది మారతానంటే కారణం చెప్పమంటారు. టైపక్క కారణం చెప్పలేదు. వీసా ఏజెంటు దగ్గరికి వెళ్ళింది.

ఏజెంటు కాగితాలు తిరగేసి నిటారుగా కూర్చున్నాడు. "మేడమ్, వాళ్ళడిగినదానికన్నా ఎక్కువే ఉంది మీకు!"

ఆమె మొహంలోకి నవ్వు వచ్చిందో లేదో, ఆయన వేలు ఇంకో వరస మీద ఆగింది. "ప్రతి నెలా ఈ ఇద్దరికీ పంపుతున్నారే, ఎవరు వీళ్ళు? మీ మీద ఆధారపడ్డవాళ్ళనుకుంటారు అక్కడ. అప్పుడు ఈ ఆదాయం చాలదు."

వాళ్ళు ఆధారపడ్డవాళ్ళు కారు, పనిచేసేవాళ్ళు. ఒకరు వదిన. ఇంకొకరు పైవాటా నర్సమ్మ, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కంపెనీ టెస్టు పాసైంది టైపక్క ఒక్కతే. పని పెరిగాక మిగతా ఇద్దరూ చేరి, వంతులేసుకుని అదే కుర్చీలో కూర్చున్నారు. కంపెనీకి తెలిసింది ఒక్క పేరే. విడిగా చేరితే కొత్తవాళ్ళని రేటు సగానికి కోస్తారని ఎవరూ నోరెత్తలేదు. డబ్బు టైపక్క ఖాతాలో పడేది, పడ్డ రోజే పంచేది.

"ఆర్నెల్లు పంపడం ఆపెయ్యండి, తర్వాత ఇచ్చుకోండి. అందరూ చేసేదే," అన్నాడు ఏజెంటు.

సాయంత్రం ఆ మాట ఇద్దరికీ చెప్పింది.

"బాగుందే! నువ్వు సముద్రం చూడ్డానికి నా మోకాళ్ళ మందులు ఆపుకోవాలా?" అంది నర్సమ్మ. "నన్నూ పెట్టెలో పెట్టుకుపో, అక్కడే కుంటుతా."

"నిన్ను ఎక్కిస్తే విమానం లేవద్దూ?" అంది టైపక్క.

వదిన నవ్వలేదు. కూరగాయలు తరుగుతూనే తేలిగ్గా అంది, "ఆపెయ్యమ్మా, నాకేం ఇబ్బంది లేదు. కావాలంటే మీ అన్నని అడుగుతాలే."

మీ అన్నని అడుగుతా. ఆ మాట ఆ ఇంట్లో వినపడి చాలా కాలమైంది. ఒకప్పుడు చెప్పులు తెగినా, పుట్టింటికి బస్సు ఛార్జీ కావాలన్నా వదిన గుమ్మం దగ్గర నిలబడేది. అన్న పేపరు దించేదాకా అలా నిలబడే ఉండేది. చేతికి తన వాటా రావడం మొదలయ్యాక ఆ నిలబడటం పోయింది. ఇప్పుడు మళ్ళీ నిలబెట్టబోతున్నది ఎవరు? టైపక్క వదిన పక్కకి జరిగింది.

"వద్దొదినా. నువ్వే టెస్టు రాయి."

"నేనా? నాకేమొచ్చు?"

"ఇన్నాళ్ళూ నా పేరుతో చేసింది నీ దయ్యమా?"

టెస్టు ఇద్దరూ రాశారు. నర్సమ్మ మొదటిసారే పాసైంది, వదిన రెండోసారికి. మీరు ఇన్నాళ్ళూ మెచ్చుకున్న పనిలో వీళ్ళ పనీ ఉంది, నా రేటే వీళ్ళకీ ఇవ్వండని టైపక్క కంపెనీకి రాసింది. కంపెనీ ముందు మందలించింది, తర్వాత బేరమాడింది, చివరికి పాత రేటుకి కాస్త తక్కువలో దిగింది. పని తెలిసినవాళ్ళని వదులుకుంటే నష్టం తనకేనని దానికీ తెలుసు.

వదినకి సొంత ఖాతాలో మొదటి జీతం పడి ఆర్నెల్లు గడిచాక, టైపక్క కొత్త లెక్క పట్టుకుని మళ్ళీ ఏజెంటు ముందు కూర్చుంది.

"మీ మీద ఆధారపడ్డవాళ్ళు?"

"ఎవరూ లేరు."

ఆయన ఆమె ఒక్కదాని జీతమే మిగిలిన అంకె చూసి పెదవి విరిచాడు. "అయితే ఆదాయం చాలదు మేడమ్. ఆ ఆపేదేదో ఆపి ఉంటే ఈపాటికి..."

"తెలుసండీ. ఎంత తక్కువో కాగితం మీద రాసివ్వండి."

ఆయన రాసిచ్చాడు. చిన్న అంకేం కాదు. టైపక్క దాన్ని మడిచి సంచిలో వేసుకుని, రేటు పెంచమని కంపెనీకి ఈసారి ముగ్గురూ కలిసి రాయాల్సిన మాటలు మనసులో కూర్చుకుంటూ మెట్లు దిగింది.